పీఎక్స్‌ఈ-ఈ53 వస్తే రౌటర్ని ముట్టుకోకండి: పర్లాకిమిడి ల్యాబులో 24 కంప్యూటర్ల అనుభవం

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గుణుపూర్‌లో మీ బడి ల్యాబులో 18 పాత కంప్యూటర్లున్నాయి. డీవీడీ డ్రైవులు పాడైపోయాయి, పెన్‌డ్రైవు పట్టుకుని ఒక్కొక్కదాని దగ్గరా కూర్చునే తీరిక లేదు. మీ ల్యాప్‌టాప్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్ ప్రోగ్రాం పెట్టి, లాన్ మీదుగా బూట్ చేసి (దీన్నే పీఎక్స్‌ఈ అంటారు) డెబియన్ లినక్స్ ఎక్కిద్దామనుకున్నారు. కానీ ప్రతి కంప్యూటరూ పీఎక్స్‌ఈ-ఈ53 అనే ఎర్రరు చూపించి, బూట్ ఫైలు పేరు అందలేదని ఆగిపోతోంది. ల్యాబులో రౌటర్ ఉంది గానీ దానికి నెట్ లేదు, ల్యాప్‌టాప్‌కి ఫోన్ హాట్‌స్పాట్ నుంచి నెట్ ఇస్తున్నారు. రౌటర్లో డీహెచ్‌సీపీ, అంటే కంప్యూటర్లకు ఐపీ చిరునామాలు పంచే పని, ఆపేసి ల్యాప్‌టాప్‌లోదే నడపమంటారా అని అడిగారు.

రౌటర్ని ముట్టుకోకండి. మీకు వచ్చింది నిజానికి మంచి ఎర్రరు. అదే ఈ51 వచ్చి ఉంటే డీహెచ్‌సీపీ జవాబే రాలేదని అర్థం. ఈ61 అయితే కేబులే సరిగా కూర్చోలేదని. ఈ53 అంటే మీ కంప్యూటర్‌కి ఐపీ చిరునామా దొరికింది, ఏ ఫైలు తెచ్చుకోవాలో చెప్పేవాళ్లే దొరకలేదు. తీగలు బాగున్నాయి, స్విచ్ బాగుంది, రౌటర్ తన పని తాను చేస్తోంది. నోరు విప్పనిది మీ ల్యాప్‌టాప్ ఒక్కటే.

ఎందుకు విప్పడం లేదో తెలియాలంటే ఆ కొద్ది సెకన్లలో జరిగే మాటామంతీ తెలియాలి. కొత్త ఊళ్లో బస్సు దిగినవాడు స్టాండులో నిలబడి "ఇక్కడెవరైనా ఉన్నారా" అని కేకేసినట్టు, కంప్యూటర్ తన నెట్‌వర్క్ కార్డు నుంచి లాన్ అంతటికీ ఒక కేక వేస్తుంది. అందులో రెండు ప్రశ్నలుంటాయి: నేను ఉండడానికి చిరునామా ఏది, నేను బూట్ అవడానికి ఫైలు ఏది. రౌటర్‌కి మొదటి ప్రశ్న ఒక్కటే అర్థమవుతుంది, దానికే జవాబిస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు మీ డీఎన్‌ఎస్‌మాస్క్ ఇవ్వాలి. ఇద్దరు వేర్వేరుగా చెప్పిన జవాబుల్ని కలుపుకునే తెలివి పీఎక్స్‌ఈకి ముందునుంచే ఉంది. ఇంటెల్ 1999లో ఇచ్చిన 2.1 ప్రమాణంలోనే ఇది ఉంది కాబట్టి మీ పాత యంత్రాలకూ వస్తుంది. దీన్నే ప్రాక్సీ డీహెచ్‌సీపీ అంటారు. చిరునామాలు పంచే పని రౌటర్‌దే, ఫైలు పేరు చెప్పే పని మాత్రం మనది.

ఈ పద్ధతినే ఎందుకు పట్టుబడుతున్నానంటే, మొదటిసారి నేను ఇలా చేయలేదు. పర్లాకిమిడిలో ఒక బడి ల్యాబుకి 24 కంప్యూటర్లు సిద్ధం చేస్తూ, రౌటర్ నడుస్తుండగానే నా ల్యాప్‌టాప్‌లో పూర్తి డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టాను. సాయంత్రానికి నాలుగు యంత్రాలు ఎక్కాయి, సంతోషంగా ఇంటికెళ్లాను. ల్యాప్‌టాప్ మాత్రం అక్కడే వదిలేశాను, నడుస్తూనే. మర్నాడు పొద్దున్న ఆఫీసు గదిలో రెండు కంప్యూటర్లు రౌటర్ దగ్గర కాకుండా నా ల్యాప్‌టాప్ దగ్గర చిరునామా తీసుకున్నాయి. గేట్‌వే, అంటే బయటి నెట్‌కి దారి, కూడా నా ల్యాప్‌టాపే అనుకున్నాయి. పిల్లల దరఖాస్తులు నింపాల్సిన రోజు, పదకొండు దాకా నెట్ లేదు. పాతపట్నం నుంచి మహేంద్రతనయ నది దాటి వచ్చిన తల్లిదండ్రులు వరండాలో నిలబడే ఉన్నారు. ఒకే లాన్ మీద ఇద్దరు చిరునామాలు పంచితే ఎవరి జవాబు ముందొస్తే వాళ్లదే రాజ్యం. ఆరోజు నుంచీ ప్రాక్సీ తప్ప ఇంకోటి వాడలేదు.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ సంగతి. హాట్‌స్పాట్ మాట చెప్పగానే నాకు అనుమానం వచ్చింది. ల్యాప్‌టాప్ వైఫై వైపు ఫోన్ ఇచ్చిన చిరునామా ఉంటుంది. తీగ వైపు? దానికి ల్యాబు రౌటర్ నెట్‌వర్కులో చిరునామా లేకపోతే డీఎన్‌ఎస్‌మాస్క్ ఆ వైపు వచ్చే కేకలకు జవాబివ్వదు. ప్రాక్సీ కోసం మీరు రాసే డీహెచ్‌సీపీ-రేంజ్ వరుసలోని నెట్‌వర్కు, ల్యాప్‌టాప్ తీగ వైపు నెట్‌వర్కు ఒకటే కావాలి. రౌటర్ 192.168.1.1 అయితే, తీగ వైపు చేత్తోనే 192.168.1.10 లాంటి చిరునామా ఇవ్వండి, మాస్కు 255.255.255.0. అది రౌటర్ పంచే చిరునామాల వరసలో లేకుండా చూసుకోండి.

గేట్‌వే గడి మాత్రం ఖాళీగా వదిలేయండి. ఇది చాలామంది పట్టించుకోరు. ల్యాప్‌టాప్‌లో తీగకూ వైఫైకీ రెండింటికీ గేట్‌వే ఉంటే లినక్స్ మామూలుగా తీగకే మొగ్గు చూపిస్తుంది. మీ రౌటర్‌కేమో నెట్ లేదు. అప్పుడు ఫోన్ నెట్ ఉండి కూడా ల్యాప్‌టాప్ ప్యాకేజీలు తెచ్చుకోలేదు, తప్పు ఎక్కడుందో తెలియక రోజంతా పోతుంది.

డీఎన్‌ఎస్‌మాస్క్ సెట్టింగులు పొడుగ్గా ఉండక్కర్లేదు. పోర్టు విలువ 0 అని పెట్టి దాని డీఎన్‌ఎస్ పని (సైటు పేర్లకు చిరునామాలు చెప్పే పని) ఆపేయండి, లేకపోతే ఉబుంటులో ముందే నడుస్తున్న రిజాల్వర్‌తో 53వ పోర్టు దగ్గర గొడవ పడుతుంది. ఇంటర్‌ఫేస్ కింద తీగ కార్డు పేరు రాయండి. డీహెచ్‌సీపీ-రేంజ్‌లో 192.168.1.0 రాసి, కామా పెట్టి, ప్రాక్సీ అనే మాట చేర్చండి. బూట్ ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీ ఆన్ చేసి ఫైళ్ల ఫోల్డరు చూపండి. లాగ్-డీహెచ్‌సీపీ కూడా ఆన్ చేయండి, ఇది లేకుండా చేయడమంటే చీకట్లో సూది వెతకడమే. ఇక బూట్ ఫైలు పేరు: ప్రాక్సీ పద్ధతిలో దాన్ని పీఎక్స్‌ఈ-సర్వీస్ అనే వరుసల్లో రాయాలి. మామూలు డీహెచ్‌సీపీ సర్వర్ల కోసం రాసే డీహెచ్‌సీపీ-బూట్ వరుసని నమ్ముకుని కూర్చోకండి. మీరు పంపిన సెట్టింగుల్లో ఉన్నది ఆ ఒక్క వరుసే. నా అంచనాలో మీ ఈ53కి తీగ వైపు చిరునామా లేకపోవడం ఒక కారణం, ఇది రెండోది.

ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ ఉంటే యూడీపీ 67, 69, 4011 తెరవండి. మొదటిది కేక వినడానికి, రెండోది టీఎఫ్‌టీపీకి. మూడోది ప్రాక్సీ సర్వర్‌తో కంప్యూటర్ విడిగా మాట్లాడుకునే తలుపు, దాన్నే అందరూ మరిచిపోతారు.

ఇక ఫైళ్లు. డెబియన్ సైటులో నెట్‌బూట్ పేరుతో చిన్న మూట దొరుకుతుంది, దాన్ని టీఎఫ్‌టీపీ ఫోల్డర్లో విప్పితే చాలు. కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాం పాతవాటిలో బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్‌ఐ. బయోస్ యంత్రాలకు కావలసిన బూట్ ప్రోగ్రాం పీఎక్స్‌ఈలైనక్స్, యూఈఎఫ్‌ఐ యంత్రాలకు కావలసిన గ్రబ్, రెండూ అందులోనే ఉంటాయి. ఫైలు పేర్లలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లినక్స్‌కి వేర్వేరు, చూసి రాయండి.

బయోస్, యూఈఎఫ్‌ఐ తేడా దగ్గర నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త ఆగి చెప్తాను. మా 24లో ఆరు కాస్త కొత్తవి. వాటిలో విండోస్ 10 ఉండేది, 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోవడంతో వాటినీ లినక్స్‌కి మార్చేద్దామనుకున్నాం. మిగిలిన 18 చక్కగా ఎక్కుతుంటే ఈ ఆరూ ఫైలు దించుకున్నట్టే దించుకుని, ఏ ఎర్రరూ చూపకుండా మళ్లీ బూట్ మెనూకి వచ్చేసేవి. కారణం చిన్నదే: అన్నిటికీ ఒకే పీఎక్స్‌ఈలైనక్స్ ఫైలు ఇస్తున్నాను. అది బయోస్ కోసం రాసిన ప్రోగ్రాం, యూఈఎఫ్‌ఐకి దాన్ని నడపడం రాదు. కంప్యూటర్ తన కేకలోనే నేను ఏ రకం యంత్రాన్ని అని ఒక సంఖ్య పంపుతుంది. బయోస్‌వి 0 పంపుతాయి, 64 బిట్ యూఈఎఫ్‌ఐవి దాదాపు అన్నీ 7 పంపుతాయి, 9 పంపేవి కూడా అక్కడక్కడ ఉంటాయి. డీఎన్‌ఎస్‌మాస్క్ ఈ రకాలకు పెట్టిన పేర్లు పాత వెర్షన్లలో ఒకలా, కొత్తవాటిలో ఇంకోలా ఉన్నాయి. అందుకని పేర్లు వదిలేసి సంఖ్యలే రాయండి: 0కి ఒక వరుస, 7కి ఒకటి, 9కి ఒకటి.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని ఫైలుని యంత్రం లోపలికి రానివ్వదు. డెబియన్ మూటలో ఉన్న యూఈఎఫ్‌ఐ బూట్ ఫైలుకి సంతకం ఉంది, దాన్నే ఇవ్వండి. వేరేచోట నుంచి తెచ్చినవి పెడితే ఇక్కడే ఆగుతాయి. ఇంకొకటి, యూఈఎఫ్‌ఐ సెటప్‌లో నెట్‌వర్క్ స్టాక్ అనే అంశం చాలా బోర్డుల్లో ఆఫ్ అయి ఉంటుంది. అది ఆన్ చేసేదాకా బూట్ మెనూలో లాన్ అసలు కనబడదు. పాత బయోస్‌లలో అదే పని లాన్ బూట్ రోమ్ పేరుతో ఉంటుంది.

ఏ డెబియన్ అంటారా, మీ యంత్రాల్ని బట్టి. మావాటిలో నాలుగు 32 బిట్‌వి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు, అందుకని ఆ నాలుగింటికి డెబియన్ 12 పెట్టాను. 32 బిట్ అయినా 64 బిట్ అయినా బయోస్ యంత్రం తన సంఖ్య 0 అనే చెప్తుంది కాబట్టి సర్వర్ తేడా పట్టలేదు, మెనూలో రెండు ఎంపికలు పెట్టి మనిషే నొక్కాలి. ఉబుంటు సర్వర్ కూడా ప్రయత్నించాను. దాని ఇన్‌స్టాలర్ నెట్‌వర్క్ మీద బూట్ అయినప్పుడు మొత్తం ఐఎస్‌ఓని (ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఉన్న ఒకే ఫైలు) ముందు ర్యామ్‌లోకి దించుకుంటుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రాల్లో అది సగంలో కూలబడింది. డెబియన్ ఇన్‌స్టాలర్ కెర్నెల్, దాని వెంట ఇన్‌స్టాలర్ మొదలవడానికి కావలసిన సరంజామా ఉన్న ఇనిట్‌ఆర్‌డీ అనే చిన్న ఫైలు మాత్రమే దించుకుని మిగతా ప్యాకేజీలు ఒక్కొక్కటిగా తెచ్చుకుంటుంది. మన పాత పెట్టెలకు అదే సరిపోతుంది.

టీఎఫ్‌టీపీ నెమ్మదిగా ఉంటే కంగారు పడకండి, అది దాని తీరు. ఫైలుని 512 బైట్ల ముక్కలు చేసి, ఒక ముక్క పంపి, అందిందన్న జవాబు వచ్చాకే రెండోది పంపుతుంది. 40 ఎంబీ ఇనిట్‌ఆర్‌డీ అంటే 81,920 ముక్కలు, అన్నిసార్లు రావడం పోవడం. ఇప్పటి కార్డులు ముక్క సైజు పెంచమని అడుగుతాయి, డీఎన్‌ఎస్‌మాస్క్ ఒప్పుకుంటుంది, అందువల్ల ఒక మోస్తరుగా నడుస్తుంది. మా ల్యాబులో ఒక వరసలోని ఐదు యంత్రాలు మాత్రం ఆ తర్వాతి దశలో కూడా నత్తనడక నడిచాయి. చూస్తే ఆ వరస స్విచ్ నుంచి పెద్ద స్విచ్‌కి వెళ్లే కేబుల్లో నాలుగు తీగలే క్రింప్ చేసి ఉన్నాయి. నాలుగు తీగలతో 100 ఎంబీపీఎస్ దాకా వస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. కొత్త కేబుల్ కొనలేదు, రెండు చివర్లా కొత్త జాక్‌లు క్రింప్ చేసి ఎనిమిదీ కలిపాం, సరిపోయింది. ఈ పనికి మా బావ వచ్చాడు, కరెంటు పని చేస్తాడు, నాకన్నా అతని చెయ్యి తిన్నగా ఉంటుంది.

ఇప్పుడు మీ ఫోన్ నెట్. ఒక్కో యంత్రానికి డెస్క్‌టాప్‌తో కలిపి 1 జీబీ దాటుతుంది. 18 యంత్రాలూ విడివిడిగా దించుకుంటే ఏ డేటా ప్యాకూ చాలదు. ల్యాప్‌టాప్‌లో ప్యాకేజీల్ని దాచిపెట్టే ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అనే ప్రోగ్రాం పెట్టండి. ఇన్‌స్టాలర్ ప్రాక్సీ అడిగిన దగ్గర (ఇది ఇందాకటి ప్రాక్సీ డీహెచ్‌సీపీ కాదు, ప్యాకేజీలు తెచ్చిపెట్టేది) ల్యాప్‌టాప్ తీగ చిరునామా, పోర్టు 3142 ఇవ్వండి. మొదటి కంప్యూటర్ అడిగిన ప్యాకేజీలు ఫోన్ ద్వారా వస్తాయి, ల్యాప్‌టాప్‌లో దాచుకుంటుంది. రెండోదాని నుంచి లాన్ మీదే అందుతాయి. మీకు ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. నెట్‌కి వెళ్లేది ల్యాప్‌టాప్ ఒక్కటే కాబట్టి, మీ రౌటర్‌కి నెట్ లేకపోయినా, కంప్యూటర్లకు నెట్ అందకపోయినా ఇన్‌స్టాలేషన్ పూర్తవుతుంది. తొందరపడి పద్దెనిమిదీ ఒకేసారి ఆన్ చేయకండి. ముందు ఒక్కటి పూర్తిగా ఎక్కించండి, అది లాగిన్ తెర చూపించాక మిగతావి ఐదేసి చొప్పున మొదలుపెట్టండి.

ప్రశ్నలన్నిటికీ ముందే జవాబులు రాసిపెట్టే ప్రీసీడ్ ఫైలు గురించి కూడా అడిగారు. వాడండి, కానీ ఈ ఒక్కటి చదివాక. ప్రీసీడ్ డిస్కుని అడగకుండా చెరిపేసేలా రాసుకుంటాం. మెనూలో ఏమీ నొక్కకపోతే పది సెకన్ల తర్వాత ఇన్‌స్టాలేషన్ దానంతటదే మొదలయ్యేలా నేను పెట్టాను. హెడ్‌మాస్టరు గదిలోని కంప్యూటర్ కూడా అదే లాన్ మీద ఉందనీ, దాని బూట్ వరసలో లాన్ ముందుందనీ నాకు తెలియదు. రాత్రి కరెంటు పోయింది. పొద్దున్న అటెండర్ తాతయ్య గది తుడుస్తూ దాన్ని ఆన్ చేసి, "సారూ, ఇందులో అంకెలు దిగిపోతన్నాయి!" అని కేకేశాడు. ఏ అంకెలో నాకు వెంటనే తెలిసింది. పరుగెత్తి వెళ్లి వెనకనుంచి కేబుల్ పీకేశాను. పదేళ్ల మార్కుల పట్టికలు అందులోనే ఉన్నాయి, ఇంకో కాపీ లేదు. ఆ రోజు మధ్యాహ్నమే కాపీ తీయించాను.

కాబట్టి మెనూలో డిఫాల్ట్ ఎంపిక ఎప్పుడూ సొంత డిస్కు నుంచి బూట్ అవడమే ఉండాలి. ఇన్‌స్టాల్ కావాలంటే మనిషి బాణం మీట నొక్కి ఎంచుకోవాలి, పాస్‌వర్డ్ కూడా పెట్టగలిగితే పెట్టండి. దీనివల్ల ఇంకో బెడదా తప్పుతుంది: లాన్ ముందున్న యంత్రం ఇన్‌స్టాల్ అయి, రీబూట్ అయి, మళ్లీ లాన్ నుంచి బూట్ అయి, మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ అవుతూ తిరుగుతూనే ఉంటుంది. పని అయ్యాక బూట్ వరసలో డిస్కుని ముందుకు తేండి, ల్యాప్‌టాప్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ ఆపేయండి. పని జరిగేటప్పుడు ఆఫీసు వైపు వెళ్లే కేబుల్ని స్విచ్ నుంచి తీసేయడం అన్నిటికన్నా మేలు.

పిల్లల కోసం ఒక మాట. మా ల్యాబులో సగంమంది ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా రాసేవాళ్లు, గుణుపూర్‌లో మీకూ అంతే అయి ఉంటుంది. ప్రీసీడ్‌లో ప్యాకేజీల జాబితాకి ఫాంట్స్-ఇండిక్, ఐబస్-ఎం17ఎన్ చేర్చండి, తెలుగు, ఒడియా, హిందీ అక్షరాలు మొదటి రోజునుంచే సరిగ్గా కనిపిస్తాయి. టైపింగుకి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పండి. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక కాబట్టి తెలుగులో 'క' ఏ మీట మీద ఉందో ఒడియా 'క' కూడా ఆ మీట మీదే ఉంటుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఒడియాలో తన పేరు కొట్టి, భాష మార్చి, అవే మీటలతో తెలుగులో మళ్లీ కొట్టింది. వాళ్ల నాయనమ్మకి తెలుగు ఒక్కటే చదవడం వచ్చట. ఆ కాగితం ప్రింటు తీసుకుని ఇంటికి పట్టుకెళ్లింది.

ఇవాళ మీరు చేయాల్సింది రెండే పనులు: తీగ వైపు గేట్‌వే లేని చిరునామా, 0, 7, 9కి మూడు పీఎక్స్‌ఈ-సర్వీస్ వరుసలు. తర్వాత ఒకే ఒక్క కంప్యూటర్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ లాగ్ చూస్తూ ఉండండి. కంప్యూటర్ కేక లాగ్‌లో అసలు కనబడకపోతే ఇంటర్‌ఫేస్ పేరో ఫైర్‌వాలో చూడాలి. కేక కనబడి జవాబు వెళ్లకపోతే యంత్రం సంఖ్యకు వరుస లేదన్నమాట. జవాబు వెళ్లాక ఈ32 వస్తే టీఎఫ్‌టీపీ అందడం లేదు, ఫైలు లేదని టీ01 వస్తే పేరులోనో ఫోల్డర్లోనో తప్పుంది. లాగ్‌లో ఆగిన చోటు నుంచి పైన ఓ ఇరవై వరుసలు ఇక్కడే పెట్టండి, సాయంత్రం ల్యాబు మూసేలోపు చూస్తాను.